చేతకు శిక్షా, మాటకు శిక్షా? టెర్రరిజం చట్టాలూ దళితుల నోరూ

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి నరికి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని ఇట్లాగే వేటాడారు. ఈ రెండు ఊళ్లలో చచ్చినవాళ్ల లెక్క ఉంది గానీ భయపడ్డవాళ్ల లెక్క ఎవరూ తీయలేదు. నిజానికి చంపినవాళ్ల గురి చచ్చినవాళ్ల మీదకంటే బతికున్నవాళ్ల మీదే ఎక్కువ. చెరువుకాడ ఎదురు మాట్లాడొద్దు, సినిమా హాల్లో కాలు తగలనీయొద్దు, నాలుగు అక్షరాలు వచ్చాయని తలెత్తొద్దు అని చుట్టుపక్కల వాడలన్నిటికీ పంపిన కబురు అది.

కొందరిని చంపి చాలామందిని భయపెట్టడం, ఆ భయంతో వాళ్లు ఒక హక్కును వదులుకునేట్టు చేయడం. టెర్రరిజం అన్నమాటకు ఏ దేశపు చట్టం చూసినా దగ్గరదగ్గరగా ఇదే అర్థం. చుండూరు నాటికి దేశంలో టాడా అమల్లో ఉంది. అయినా చుండూరు టెర్రరిజం కాలేదు. ఘర్షణ అన్నవాళ్లున్నారు, శాంతిభద్రతల సమస్య అన్నవాళ్లున్నారు. కేసు మామూలు శిక్షాస్మృతి కింద, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచింది.

ఇది చెప్పినప్పుడల్లా మా విద్యార్థులు, వాడల్లో పనిచేసే కార్యకర్తలు ఒక ప్రశ్న వేస్తుంటారు. "అట్లాగైతే కులహంతకుల మీద కూడా ఉపా పెట్టమని మనం అడగొద్దా? వాళ్లు మైకుల్లో కక్కే విషాన్ని కూడా టెర్రరిజం కింద కట్టమని అడగొద్దా?" ప్రశ్నలో న్యాయం ఉంది. దాన్ని పక్కకు నెట్టి వాక్‌స్వేచ్ఛ గొప్పదని ఉపన్యాసం ఇవ్వడం మాకు ఇష్టం లేదు. అయినా మా జవాబు "వద్దు" అనే. ఎందుకు వద్దో చెప్పాలంటే ముందు అమెరికా దాకా పోయి రావాలి. "దేశీయ టెర్రరిజం" అనే మాట చట్టంలోకి ఎక్కింది అక్కడే. ఆ టెర్రరిజానికి వందేళ్లకు పైగా బలైనవాళ్లు మన అంటరానితనంతో అంబేడ్కర్ కాలం నుంచీ పోల్చి చూస్తున్న నల్లజాతి ప్రజలే.

ముసుగుమనుషులూ 1871 చట్టమూ

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసత్వం పోయింది, నల్లవాళ్లకు ఓటు వచ్చింది. ఆ రోజుల్లోనే టెనెసీ రాష్ట్రం పులాస్కీ అనే ఊళ్లో కు క్లక్స్ క్లాన్ పుట్టింది. రాత్రిపూట ముసుగులు వేసుకుని గుర్రాల మీద వచ్చి, ఓటు వేసినవాణ్ణి, భూమి కొన్నవాణ్ణి, బడి పెట్టినవాణ్ణి కొట్టేవాళ్లు, చంపేవాళ్లు. 1871లో అమెరికా పార్లమెంటు, క్లాన్ చట్టంగా పేరుపడ్డ ఒక చట్టం చేసింది. అధ్యక్షుడు గ్రాంట్ దక్షిణ కరోలినాలో తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్ హక్కును నిలిపేసి, సైన్యాన్ని పంపి, వందలమందిని పట్టుకున్నాడు. ఆనాటి క్లాన్ చాలామటుకు చెదిరిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ చట్టం పట్టుకున్నది చేతను. కుట్రపన్ని, ముసుగేసుకుని, ఒక పౌరుడికి రాజ్యాంగం ఇచ్చిన హక్కును బలంతో లాక్కోవడాన్ని నేరమంది. నల్లవాడు తక్కువ జాతివాడని రాసిన పత్రికను పట్టుకోలేదు. తర్వాత అది నీరుగారింది కూడా మాటల స్వేచ్ఛ వల్ల కాదు. 1873లో లూసియానాలోని కొల్‌ఫాక్స్‌లో నల్లవాళ్లను పెద్దసంఖ్యలో ఊచకోత కోసినవాళ్లను 1876లో క్రూక్‌షాంక్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. మనుషులు మనుషుల మీద చేసిన నేరం కేంద్రానికి సంబంధం లేదు, రాష్ట్రాలు చూసుకోవాలంది. ఆ రాష్ట్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. అంటే, చట్టం లేక కాదు, చట్టాన్ని పట్టుకున్న చేతులు సడలి టెర్రర్ గెలిచింది.

ఒక క్లాన్ నాయకుడి కేసు

ఇప్పుడు కొంచెం మింగుడుపడని కథలోకి పోదాం. 1964లో ఒహాయో రాష్ట్రంలో క్లారెన్స్ బ్రాండెన్‌బర్గ్ అనే క్లాన్ నాయకుడు ఒక పొలంలో సభ పెట్టి, టీవీ విలేకరిని పిలిపించుకుని మరీ చిత్రీకరింపజేశాడు. ముసుగులు, తుపాకులు, తగలబడుతున్న శిలువ, నల్లవాళ్ల మీదా యూదుల మీదా బూతులు, ప్రభుత్వం ఇట్లాగే ఉంటే ప్రతీకారం తప్పదన్న మాట. ఒహాయో కోర్టు జైలుశిక్ష వేసింది. 1969 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. హింస మంచిదని చెప్పడం వేరు, హింసకు ఉసిగొల్పడం వేరు అంది. ఒక మాటను శిక్షించాలంటే అది అప్పటికప్పుడు జరగబోయే చట్టవిరుద్ధమైన పనిని పుట్టించే ఉద్దేశంతో అన్నదై ఉండాలి, ఆ పని నిజంగా జరిగే అవకాశమూ ఉండాలి. రెండూ కలిస్తేనే నేరం.

మొదటిసారి ఇది చదివినప్పుడు మాకూ ఒళ్లు మండింది. శిలువ తగలబెట్టేవాడికి ఇంత రక్షణా? కానీ బ్రాండెన్‌బర్గ్ మీద వాడిన చట్టం ఏమిటో చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. అది 1919లో చేసిన చట్టం. క్లాన్ కోసం చేసింది కాదు, కార్మిక సంఘాలవాళ్లనూ సోషలిస్టులనూ జైల్లో వేయడానికి అప్పట్లో చాలా రాష్ట్రాలు చేసిన చట్టాల్లో ఒకటి. యాభై ఏళ్లు అది ఎవరి నెత్తిన ఊగిందో ఊహించుకోవచ్చు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 1966లో మిసిసిపీ రాష్ట్రం పోర్ట్ గిబ్సన్ ఊళ్లో నల్లవాళ్లు తెల్లవాళ్ల దుకాణాల్ని బహిష్కరించారు. వాళ్ల కోరికల్లో పోలీసు ఉద్యోగాలున్నాయి, బస్టాండులో వేర్వేరు గదులు ఎత్తేయడం ఉంది. దాంతోపాటు, తమను "బాయ్" అని పిలవొద్దు, మిస్టర్, మిసెస్ అని పిలవాలన్న కోరిక కూడా ఉంది. ఏరా, ఒసే పిలుపుల కింద ముసలితనం దాకా బతికిన మన తాతలకు, అమ్మమ్మలకు ఈ కోరికను ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఉద్యమ నాయకుడు చార్లెస్ ఎవర్స్. ఆయన తమ్ముడు మెడ్గార్ ఎవర్స్‌ను 1963లో ఇంటి ముందే కాల్చి చంపారు. హంతకుడికి శిక్షపడింది 1994లో, అంటే 31 ఏళ్లకు. అట్లాంటి చార్లెస్ ఎవర్స్ సభలో ఆవేశంగా మాట్లాడాడు. బహిష్కరణను కాదని ఆ దుకాణాల్లోకి పోయినవాళ్ల మెడలు విరుస్తామన్న అర్థం వచ్చేట్టు అన్నాడు. దుకాణాలకు పోయిన కొందరి ఇళ్ల మీద కాల్పులూ జరిగాయి.

దుకాణదారులు దావా వేశారు. మిసిసిపీ కోర్టు ఉద్యమం మొత్తాన్నీ బాధ్యుల్ని చేసి పన్నెండున్నర లక్షల డాలర్ల నష్టపరిహారం కట్టమంది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1982లో ఆ కోర్టు నల్లవాళ్ల వైపు తీర్పిచ్చింది. కాల్పులు జరిపినవాడు కాల్పులకు బాధ్యుడు. బహిష్కరణ చేసినవాళ్లు బహిష్కరణ చేసినందుకు బాధ్యులు కారు. ఎవర్స్ మాటలు ఘాటుగా ఉన్నా, ఆ మాటల వెంటనే ఎవరి మీదా దాడి జరగలేదు గనక అవి నేరం కావు. ఇట్లా చెప్పడానికి కోర్టు ఆధారం చేసుకున్నది దేన్ని? బ్రాండెన్‌బర్గ్ తీర్పునే. క్లాన్ నాయకుడి కేసులో గీసిన గీతే పదమూడేళ్లకు నల్లజాతి ఉద్యమాన్ని దివాలా తీయకుండా కాపాడింది. ఆ గీత లేకపోతే బ్రాండెన్‌బర్గ్‌కు పోయేది కొన్నేళ్ల జైలు. పోర్ట్ గిబ్సన్ వాళ్లకు ఉద్యమమే పోయేది.

తగలబడుతున్న శిలువ, ఊళ్లో వేసే చాటింపు

అట్లాగని మాటంటే గాలేనని, ఏం మాట్లాడినా వదిలేయాలని మేం అనడం లేదు. 2003లో వర్జీనియా రాష్ట్రపు కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. నల్లవాళ్ల ఇంటి ముందు శిలువ తగలబెట్టడాన్ని నేరం చేయొచ్చా? చేయొచ్చు అంది కోర్టు. ఫలానా మనిషిని, ఫలానా కుటుంబాన్ని, నీ ప్రాణం తీస్తామని భయపెట్టడానికి చేసే సైగ అభిప్రాయం కాదు, బెదిరింపు. కాకపోతే భయపెట్టే ఉద్దేశాన్ని రుజువు చేయాలి, శిలువ కాలింది గనక ఉద్దేశం ఉన్నట్టే అని ముందే అనుకోకూడదు. ఆ కోర్టులో అప్పుడున్న ఒకే ఒక్క నల్లజాతి న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఇంకో అడుగు ముందుకేసి, ఇది అసలు భావప్రకటనే కాదు, టెర్రర్ అన్నాడు. మిగతా విషయాల్లో ఆయనతో మాకు పొత్తు కుదరదు గానీ, ఈ మాట అనడానికి నల్లవాడిగా పుట్టి పెరిగిన అనుభవం కావాలనిపిస్తుంది.

మన ఊళ్లలో కాలే శిలువలు లేవు, చాటింపు ఉంది. చుండూరులో హత్యలకు ముందు సాంఘిక బహిష్కరణ నడిచింది. మాలమాదిగలకు పని ఇవ్వొద్దు, సరుకులు అమ్మొద్దు అనే కట్టడి అది. చాలా ఊళ్లలో ఇట్లాంటి కట్టుబాటును చాటడానికి మా డప్పే, మా మనిషి చేతే కొట్టిస్తారు. ఇది అభిప్రాయమా? కాదు. ఇది గురిపెట్టిన దెబ్బ. అందుకే ఎస్సీ ఎస్టీ చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణనూ, దాని బెదిరింపునూ నేరం చేసింది. అందరూ చూస్తుండగా దళితుణ్ణి కావాలని అవమానించడం మొదటినుంచీ ఆ చట్టంలో నేరమే.

మరి పోర్ట్ గిబ్సన్ నల్లవాళ్లు చేసిందీ బహిష్కరణే గదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడ హక్కులు లేనివాళ్లు, హక్కులు నొక్కిపెట్టినవాళ్ల దుకాణాలకు పోవడం మానుకున్నారు. తమ డబ్బు తమ జేబులో పెట్టుకున్నారు. చుండూరులో భూమి, నీళ్లు, కూలీ అన్నీ చేతిలో ఉన్నవాళ్లు అవేవీ లేనివాళ్ల నోటికాడి కూడు లాగేశారు. పేరొకటే, పని ఒకటి కాదు. చట్టం పేరును కాకుండా పనిని చూడాలనడానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు.

ఎవడో బాంబు పెడితే ఎవరి మీద పడింది

1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలో ప్రభుత్వ భవనాన్ని లారీబాంబుతో పేల్చేశారు. 168 మంది చనిపోయారు, అందులో 19 మంది పసిపిల్లలు. చేసినవాడు టిమతీ మెక్‌వే, తెల్లవాడు, మాజీ సైనికుడు. జాతియుద్ధం గురించి ఒక శ్వేతజాత్యహంకారి రాసిన నవలను ఇష్టంగా చదివి, పదిమందికి పంచినవాడు. ఆ నవలను నిషేధించలేదు. అప్పటికే ఉన్న హత్యానేరం, పేలుడు నేరాల కింద విచారించి శిక్షవేశారు. 2001లో మరణశిక్ష అమలైంది. అంతవరకూ మనం చెబుతున్న పద్ధతే. చేతను పట్టుకోవడం.

కానీ అక్కడితో ఆగలేదు. మరుసటేడు, 1996 ఏప్రిల్‌లో, ఆ పేలుడు పేరు చెప్పి టెర్రరిజం నిరోధక, మరణశిక్షల సత్వర అమలు చట్టం తెచ్చారు. రాష్ట్ర కోర్టుల్లో శిక్షపడ్డ ఖైదీలు న్యాయం కోసం కేంద్ర కోర్టుకు పోయే హెబియస్ కార్పస్ దారిని అది బాగా ఇరుకు చేసింది. టెర్రరిస్టు సంస్థలుగా ప్రభుత్వం ప్రకటించిన విదేశీ సంస్థలకు సాయం చేస్తే నేరమయ్యే ఏర్పాటూ అందులోనే ఉంది. అమెరికా జైళ్లలో, మరణశిక్ష వరసల్లో నల్లవాళ్లు జనాభాలో తమ వంతును మించి ఉంటారన్నది అందరికీ తెలిసిందే. తెల్లవాడు బాంబు పెడితే నల్లఖైదీకి తలుపు మూసుకుంది. దీన్ని మించి మేం వ్యాఖ్యానించబోం.

ఇది ఒకసారి జరిగింది కాదు. బ్రాండెన్‌బర్గ్ తీర్పు వచ్చిన 1969లోనే, డిసెంబరు 4 తెల్లవారుజామున, షికాగోలో బ్లాక్ పాంథర్ నాయకుడు, ఇరవై ఒక్కేళ్ల ఫ్రెడ్ హాంప్టన్‌ను పోలీసులు ఆయన పడకగదిలోనే కాల్చి చంపారు. ఆ ఇంటి నక్షా పోలీసులకు అందించింది ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్. నల్లజాతి సంస్థల్ని "ద్వేషసంఘాలు" అని పేరుపెట్టి ఎఫ్‌బీఐ రహస్యంగా నడిపిన కార్యక్రమం అప్పట్లో సాగుతోంది. మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ కూడా ఆ జాబితాలో ఉంది. ఆ పాంథర్ల పేరు తీసుకునే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టారు. ఇక 2017 ఆగస్టులో, తెల్లజాతివాదులు చార్లట్స్‌విల్‌లో కాగడాలు పట్టుకుని ఊరేగిన నెలలోనే, ఎఫ్‌బీఐ "నల్లజాతి అస్తిత్వ తీవ్రవాదులు" అనే కొత్త పేరుతో ఒక అంచనాపత్రం తయారుచేసింది. కోర్టు గీత గీస్తుంది, పోలీసు దాన్ని దాటుతాడు. గీత ఉండటం వల్ల దాటాడని అయినా చెప్పగలుగుతున్నాం.

అమెరికా చట్టంలో 2001 నుంచీ దేశీయ టెర్రరిజానికి నిర్వచనం ఉంది గానీ, ఆ పేరుతో విడిగా ఒక కేంద్ర నేరమూ దానికి శిక్షా లేవు. 2015లో చార్లస్టన్ చర్చిలో తొమ్మిదిమంది, 2022 మేలో బఫెలో దుకాణంలో పదిమంది నల్లవాళ్లు హతమయ్యాక, కొత్త నేరం సృష్టించాలన్న వాదన బలపడింది. నల్లజాతి హక్కుల కోసం ఏళ్లతరబడి కొట్లాడిన సంస్థలు చాలావరకు దాన్ని వ్యతిరేకించాయి. ఉన్న చట్టాలు చాలు, వాటిని మామీద కాకుండా మమ్మల్ని చంపేవాళ్ల మీద వాడండి అన్నాయి.

మనదేశంలో "ప్రశ్నించడం"

ఇక మన ఇంటికి వద్దాం. 1987 నాటి టాడాలో "విచ్ఛిన్నకర చర్య" అనే నేరం ఉండేది. చేత ద్వారా గానీ, మాట ద్వారా గానీ, మరే మాధ్యమం ద్వారా గానీ దేశ సార్వభౌమత్వాన్ని "ప్రశ్నించినా" నేరమే. ప్రశ్నించడమూ బాంబు పెట్టడమూ ఒకే చట్టంలో కూర్చున్నాయన్నమాట. టాడా కింద 70 వేలమందికి పైగా అరెస్టయ్యారు, నేరం రుజువైంది అతికొద్దిమంది మీదే. 1995లో ఆ చట్టం గడువు తీరి పోయింది. కానీ ఆ "ప్రశ్నించడం" మాత్రం చావలేదు. 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో, అంటే ఉపాలో, చట్టవ్యతిరేక కార్యకలాపం అన్న నిర్వచనంలో అది పదిలంగా ఉంది.

మన కోర్టులూ గీత గీయలేదని కాదు. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజు చండీగఢ్‌లో ఒక సినిమా హాలు ముందు ఖలిస్తాన్ నినాదాలు ఇచ్చిన ఇద్దరి మీద శిక్షను 1995లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నినాదాలకు జనం ఎవరూ స్పందించలేదు, ఏ గొడవా జరగలేదు, అట్లాంటప్పుడు నేరం ఎక్కడిదంది. అంతకుముందు 1989లో రంగరాజన్ కేసులో, మాటకూ ప్రమాదానికీ ఉన్న సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వలాగా ఉండాలని చెప్పింది. ఆ కేసు దేని గురించో చాలామందికి గుర్తుండదు. కులం ఆధారంగా ఇచ్చే రిజర్వేషన్లను విమర్శించిన తమిళ సినిమా గురించి! మన మీద తీసిన సినిమాను కాపాడుతూ చెప్పిన సూత్రమే ఇవాళ మన పాటను కాపాడమని మనం చూపించుకునే సూత్రం. పోర్ట్ గిబ్సన్ కథ మన దగ్గరా ఉంది.

2011లో అరూప్ భుయాన్ కేసులో సుప్రీంకోర్టు బ్రాండెన్‌బర్గ్ సూత్రాన్నే తెచ్చి, నిషేధిత సంస్థలో ఊరికే సభ్యుడైనంత మాత్రాన నేరం కాదు, హింస చేయాలి లేదా హింసకు ఉసిగొల్పాలి అంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో చర్చ వేరు, సమర్థన వేరు, ఉసిగొల్పడం వేరు అని విడదీసింది. సరిగ్గా ఎనిమిదేళ్లకు, 2023 మార్చి 24న, ముగ్గురు జడ్జీల బెంచి అరూప్ భుయాన్ తీర్పును తిరగదోడింది. అమెరికా సూత్రం మనకు నప్పదు, నిషేధిత సంస్థలో సభ్యత్వమే నేరమంది.

అయితే ఉపాలో అసలు కోరలు నిర్వచనంలో కంటే బెయిలు దగ్గర ఉన్నాయి. 2008 సవరణ ప్రకారం చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల దాకా గడువు దొరుకుతుంది. ఆరోపణ పైచూపుకు నిజమనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదు. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో సాక్ష్యాల బరువు తూచొద్దంది. 2021లో నజీబ్ కేసులో మాత్రం, విచారణ తెమలకుండా ఏళ్లు గడిస్తే పెద్దకోర్టులు బెయిలు ఇవ్వొచ్చంది. దీని అర్థం ఏమిటంటే, తీర్పు రాకముందే శిక్ష అయిపోతుంది. నేరం రుజువు చేయాల్సిన పని ప్రభుత్వానికి తొందరగా ఉండదు. మాటను నేరంగా మార్చాలనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మాట నేరమని చివరకు రుజువు కాకపోయినా, మాట్లాడినవాడు ఐదేళ్లు లోపలుంటాడు.

భీమా కోరేగావ్ దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1818 జనవరి 1న పీష్వా సైన్యం మీద జరిగిన ఆ పోరులో మహర్ సిపాయిలు ఉన్నారు గనక, అంబేడ్కర్ కాలం నుంచీ దళితులు ఏటా అక్కడికి పోతారు. రెండువందల ఏళ్లయిన సందర్భంగా 2017 డిసెంబరు 31న పుణేలో ఎల్గార్ పరిషత్ సభ జరిగింది. పిలుపునిచ్చినవాళ్లలో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ ఉన్నారు. మర్నాడు కోరేగావ్‌లో దళితుల మీద దాడి జరిగింది. దాడి గురించి పెట్టిన కేసులో ఇద్దరు హిందూత్వ నాయకుల పేర్లుంటే, ఒకరిని అరెస్టు చేసి కొద్దివారాల్లోనే బెయిలిచ్చారు, రెండోవారిని అరెస్టే చేయలేదు. సభ గురించి పెట్టిన కేసు మాత్రం ఉపా అయింది. అంటే చేత కేసు చల్లారిపోయి, మాట కేసు టెర్రరిజం అయింది. ఆ కేసులో పాటలు పాడిన కబీర్ కళామంచ్ కళాకారులున్నారు, తెలుగు కవి వరవరరావు ఉన్నారు, ఆదివాసుల కోసం పనిచేసిన స్టాన్ స్వామి ఉన్నారు. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణికే 84 ఏళ్ల స్వామి 2021 జూలై 5న విచారణ ఖైదీగానే పోయాడు. ఖైర్లాంజి హత్యాకాండ మీద పుస్తకం రాసిన ఆనంద్ తేల్తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, లొంగిపోయాడు. ఆయన టెర్రరిస్టు చర్యకు పాల్పడ్డాడనడానికి పైచూపుకు కూడా ఆధారం లేదని బొంబాయి హైకోర్టు బెయిలిస్తే 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, బయటికొచ్చాడు. రెండు తేదీల మధ్య రెండున్నరేళ్లు. 2023 జూలైలో ఇదే కేసులో మరో ఇద్దరికి బెయిలిస్తూ, ఫలానా సాహిత్యం ఇంట్లో ఉండటమే టెర్రరిస్టు నేరం కాదని సుప్రీంకోర్టు అంది. అది చెప్పించుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

తుపాకి ఎవరి చేతిలో ఉన్నా

మా మాటను ఎవరూ వంకరగా అర్థం చేసుకోకూడదు. నేరం నేరమే. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డినీ మరికొందరినీ మావోయిస్టులు కాల్చి చంపారు. దాన్ని మేం సమర్థించం. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి వాళ్లు చంపినవాళ్లలో దళితులు, ఆదివాసులు ఉన్నారన్నదీ దాచం. కాల్చినవాళ్లను పట్టుకోవడం ప్రభుత్వం పని. కానీ రెండురోజులు గడవకముందే మావోయిస్టు పార్టీతోపాటు విరసం మీద కూడా ప్రజాభద్రతా చట్టం కింద నిషేధం పెట్టారు. కవులెవరూ నారాయణపేటలో తుపాకి పేల్చలేదు. ఆ నిషేధం నాలుగు నెలలు కూడా నిలబడలేదు. విరసంతో దళిత సాహిత్యకారులకున్న తగాదా పాతదే, గట్టిదే. వర్గం ముందా కులం ముందా అని పేజీలకు పేజీలు కొట్లాడుకున్నాం. ఆ కొట్లాట సాగాలంటే అవతలివాడి నోరు తెరిచి ఉండాలి గదా.

మళ్లీ మొదటి ప్రశ్నకు. ఉపా 15వ సెక్షన్ చదవండి. "ప్రజల్లో గానీ, ప్రజల్లో ఏ వర్గంలో గానీ" భీతి కలిగించే ఉద్దేశంతో మారణాయుధాలు వాడి చంపడం టెర్రరిస్టు చర్య. దళితులు ప్రజల్లో ఒక వర్గమే, గొడ్డలి మారణాయుధమే. అంటే, అక్షరాలు చూస్తే ఇట్లాంటి ఊచకోత ఆ చట్టంలో ఇప్పటికే ఇముడుతుంది. 2004లో టెర్రరిజాన్ని ఆ చట్టంలోకి తెచ్చినప్పటి నుంచీ దళితుల మీద దాడులకు అది గుర్తుకు రాలేదు, పుణే సభకు గుర్తుకొచ్చింది. అందులోకి మన బాధను కూడా చేర్చమని అడిగితే ఆ చట్టానికి మన సంతకం దొరుకుతుంది, మనకు దొరికేదేమీ ఉండదు. మనం అడగాల్సింది వేరు. "ప్రశ్నించడం", "అప్రీతి" అన్న మాటల్ని నిర్వచనంలోంచి తీసేయమని అడగాలి. బెయిలు దగ్గర జడ్జి సాక్ష్యాన్ని తూచే హక్కును తిరిగి ఇమ్మని అడగాలి. ఎస్సీ ఎస్టీ చట్టంలోనూ ముందస్తు బెయిలు లేదు గదా, మీకొక న్యాయమూ మాకొకటా అని ఎవరైనా అంటే, ఆ చట్టం ఫలానా మనిషికి ఫలానావాడు చేసిన పని చుట్టూ తిరుగుతుంది, అరెస్టయ్యాక మామూలు బెయిలు దొరుకుతుంది, అని నిదానంగా చెప్పాలి.

చుండూరు కేసులో ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఎవరి చేతిలో చనిపోయారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందంది. ఏ నిర్వచనమూ అక్కడ అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది దర్యాప్తు. బహిష్కరణ మొదలైన రోజుల్లోనే దాన్ని నేరంగా చూసి కేసు కట్టి ఉంటే, హత్యలయ్యాక సాక్షుల మాటల్ని అప్పటికప్పుడు, పేరుపేరునా రాసుకుని ఉంటే, ఆ కేసు కథ వేరుగా ఉండేది. ఊరు విడిచి తెనాలిలో శిబిరంలో తలదాచుకున్న దళితులు తమను చంపినవాళ్లను టెర్రరిస్టులు అనమని అడగలేదు. పట్టుకోమన్నారు.